తాగుడు మానినవారిని పండుగ పూట బలవంతపెట్టకండి

సంపాదకులకు,

మా తెలంగాణ పల్లెల్లో దసరా అంటే జమ్మి ఆకు, కొత్త బట్టలు, మాంసంతోపాటు మద్యం కూడా అన్నట్టు అయిపోయింది. తాగుడు మానేసి మూడేళ్లయిన నాకు, అలాయ్ బలాయ్‌కి వచ్చిన బంధువు "పండుగ పూట ఒక్కటే కదా బావా" అంటూ గ్లాసు చేతికందించే ఆ క్షణమే ఏడాది మొత్తంలో అతి కష్టమైనది. మొదటి ఏడాది ఆ క్షణాన్ని తప్పించుకోవడానికి డాబా మీది గదిలో తలుపేసుకుని పడుకున్నాను. కింది నుంచి నవ్వులు వినిపిస్తుంటే, నేను లేకపోయినా ఈ ఇంటికి లోటేమీ ఉండదనిపించింది. అది కుంగుబాటు లక్షణమని అప్పటికి నాకు తెలియదు.

ఆ రాత్రి మా అక్క పళ్లెంలో అన్నం పెట్టుకుని పైకి వచ్చింది, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది, తెల్లవారాక 14416కు ఫోన్ చేయించింది. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. నాకు ఆశ మళ్లీ కలిగింది ఆ పళ్లెంతోనూ, ఆ ఫోనుతోనూనే.

మరొక్క మాట. రోజూ ఎక్కువగా తాగేవారు మొక్కు పేరిట ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు కావచ్చు కాబట్టి వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. మీ పండుగ ప్రత్యేక సంచికల్లో ఈ హెచ్చరికనూ, ఆ నంబరునూ మొదటి పేజీలో అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా