మన తెలుగు సంఘం వార్షిక నివేదిక: ఉగాది పచ్చడి నుంచి హడర్స్‌ఫీల్డ్ కాలువ దాకా

గౌరవ సభ్యులకు కార్యదర్శి నమస్కారాలు.

ఉగాది, దీపావళి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి విస్తరించి రాయను. వచ్చినవారు చూశారు, రానివారికి ఫొటోలు అందాయి. శనివారం తెలుగు బడికి పిల్లలు పెరిగారు, గది మాత్రం పెరగలేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. మిగతా నివేదికంతా మే నెలలో చేసిన కాలువ యాత్ర గురించే. దాని మీద సర్వసభ్య సమావేశంలో మీరొక నిర్ణయం తీసుకోవలసి ఉంది.

కోచ్‌లో వెళ్లి, పులిహోర పొట్లాలు విప్పి, ఫొటోలు దిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరడం మన విహారయాత్రల ఆనవాయితీ. ఈసారి కార్యవర్గం ఒక నారోబోటును (ఇరుకు కాలువల్లో తిరిగే సన్నని పొడవాటి పడవను) వారాంతానికి అద్దెకు తీసుకుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ నారో కెనాల్ మీద స్లాత్‌వైట్ నుంచి ఎగువన ఉన్న మార్స్‌డెన్‌కు వెళ్లి, మర్నాడు దిగి రావాలన్నది పథకం. రైల్లో అయితే కొద్ది నిమిషాల దారి. పడవకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది, ఎందుకంటే మధ్యలో ఇంచుమించు ఇరవై లాకులున్నాయి, అంటే నీళ్లు నింపి, వదిలి పడవను పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులు.

కాలువ కథ కొంత చెప్పాలి. 1794లో పార్లమెంటు చట్టంతో మొదలై, స్టాండెడ్జ్ సొరంగం పూర్తయిన 1811లో మొత్తం తెరుచుకుంది. హడర్స్‌ఫీల్డ్ నుంచి పెన్నైన్ కొండలు దాటి యాష్టన్ దాకా 20 మైళ్లు, 74 లాకులు. రైళ్ల ముందు నిలవలేక 1944లో అధికారికంగా మూతపడింది. స్లాత్‌వైట్‌లో ఊరి నడుమ కాలువను పూడ్చేశారు. హడర్స్‌ఫీల్డ్‌లో ఏకంగా దాని దారిలోనే ఫ్యాక్టరీ లేచింది. 1974లో కొందరు ఔత్సాహికులు హడర్స్‌ఫీల్డ్ కెనాల్ సొసైటీ పెట్టుకున్నారు. మనలాగే సభ్యులు, చందాలు, సమావేశాలు ఉన్న సంఘం. పార పట్టుకున్నారు, కౌన్సిళ్లను కదిలించారు, చివరికి కొత్త సహస్రాబ్ది సందర్భంగా ఇచ్చిన మిలీనియం నిధులు రాబట్టారు. 2001లో కాలువ ఈ కొస నుంచి ఆ కొస దాకా మళ్లీ తెరుచుకుంది. మన సంఘంలో ప్రొజెక్టర్ కొనాలన్న తీర్మానం ఏ ఏడు నుంచి నలుగుతోందో సభ్యులకు గుర్తు చేయనక్కర్లేదు.

పడవలో పన్నెండు మందికి మించి ఎక్కకూడదన్న నిబంధన ఉంది. మొదట దాని మీద గొణుగుడు వినిపించినా, తొలి లాకు దగ్గరే సద్దుమణిగింది. గట్టు మీద నడుస్తూ లాకుల పని చూసేవాళ్లు లేకపోతే పడవ కదిలేదే కాదు. లాకు వెడల్పు ఏడడుగులు, పడవ అంతకన్నా రెండు మూడు అంగుళాలు తక్కువ. పడవ లోపలికి చేరగానే వెనక తలుపులు మూసి, ఎల్ ఆకారపు ఇనుప పిడిని పళ్లచక్రం ఇరుసుకు తగిలించి తిప్పితే ఎగువ తూము లేస్తుంది. నీళ్లు పొంగుతూ వస్తుంటే పడవ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అప్పుడు మోకు పట్టినవాళ్లు ఏమరకూడదు. నీటిమట్టాలు రెండూ సమానమయ్యేదాకా తలుపు అంగుళం జరగదు. ఆఫీసులో ఎంతో ఓపిక చూపే మన ఉపాధ్యక్షులవారు తలుపుకున్న కొయ్య దూలానికి వీపు ఆనించి ఊరికే ఊపిరి బిగపట్టారు. నీళ్లు సమమయ్యాక అదే తలుపును పదేళ్ల పిల్ల నెట్టేసింది.

చుక్కాని సంగతి వేరే. పడవ కుడికి తిరగాలంటే చుక్కాని కొయ్యను ఎడమకు నెట్టాలి. కారు నడిపే చేతులకు ఇది అంత త్వరగా అలవడదు. మన సరంగులు గట్టును తాకించిన చోట్ల లెక్క ఈ నివేదికలో చేర్చడం లేదు.

ఆదివారం ఉదయం దిగివస్తుండగా రెండు లాకుల మధ్య నీళ్లు అడుగంటి ఉన్నాయి. పాత తలుపుల సందుల్లోంచి రాత్రంతా నీరు జారిపోతే ఇలా అవుతుందట. చూసుకోకుండా పడవను వదిలాం, బురదలో కూర్చుంది. గెడ వేసి ఎంత తోసినా కదలలేదు. కోనసీమ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు గట్టు మీద చేతులు వెనక కట్టుకుని చూస్తున్నారు. ఆయన ఊళ్లోనూ కాలువా, లాకులూ ఉన్నాయి. “నీళ్లు చూసుకోకుండా పడవ దింపుతారా నాయనా? పైనుంచి కాస్త వదలండి, కాస్తే. మొత్తం వదిలారంటే పైవాళ్లకు నీళ్లుండవు” అన్నారు. పై లాకు తూములు రెండు వైపులా కొద్దిగా ఎత్తి, టీ తాగుతూ కూర్చున్నాం. పడవ దానంతటదే లేచింది.

అంతకుముందే, శనివారం రైల్లో వచ్చిన కుటుంబాలు మార్స్‌డెన్ చివర సందర్శకుల పడవెక్కి స్టాండెడ్జ్ సొరంగంలోకి కొంత దూరం వెళ్లివచ్చాయి. సొరంగం పొడవు ఐదు కిలోమీటర్ల పైమాటే, బ్రిటన్‌లోని కాలువ సొరంగాల్లో ఇంత పొడవైనది లేదు. ఆ రోజుల్లో పడవలను గట్టు మీద నడిచే గుర్రాలు లాగేవి, లోపల గుర్రం నడిచే దారి లేదు. గుర్రాన్ని కొండ మీదుగా పంపి, పడవవాళ్లు వెల్లకిలా పడుకుని గోడలను కాళ్లతో తన్నుకుంటూ పడవను నెట్టుకుపోయేవారు. సరుకున్న పడవకు మూడు గంటలు పట్టేదట. మన పిల్లలు ఇంటికెళ్లాక సోఫా మీద అదే ఆట ఆడుతున్నారని కొందరు తల్లులు ఫిర్యాదు చేశారు, నమోదు చేసుకున్నాం.

ఇక ప్రతిపాదన. వచ్చే ఏడాది రెండు యాత్రల బదులు కాలువ యాత్ర ఒక్కటే చేసి, మిగిలిన సొమ్ములో కొంత కాలువ నిర్వహణకు విరాళంగా ఇవ్వాలని, సంఘం తరఫున ఏడాదికి ఒక రోజు కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ స్వచ్ఛంద సేవకులతో కలిసి గట్టు శుభ్రం చేసే పనికి వెళ్లాలని కార్యవర్గం కోరుతోంది. లాకుల దగ్గర సేవకులను మేం కళ్లారా చూశాం. పదవీ విరమణ చేసినవాళ్లే ఎక్కువ. మన ముఖం అక్కడ ఒక్కటీ కనపడలేదు. బిర్యానీ లేని యాత్ర యాత్రే కాదన్న అభ్యంతరం ఇప్పటికే లిఖితపూర్వకంగా అందింది, దాన్నీ సభ ముందు పెడతాం.

వేసవి ముదిరితే రిజర్వాయర్లలో నీరు తగ్గి లాకులు మూసేసే ప్రమాదం ఉంది కాబట్టి వచ్చే ఏడాదీ మే నెలే అనుకుంటున్నాం. పిల్లల కొలతల లైఫ్ జాకెట్లు పోయినసారి చాలలేదు. వచ్చేవాళ్లు పేర్లతోపాటు పిల్లల బరువు కూడా రాసి ఇవ్వండి.