శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా నన్ను చేర్చినవాళ్లకు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకూ, ఆదివారాలు నందిబెట్ట ఎక్కే మన సైకిల్ బృందానికీ, నేను పేరు కూడా అడగకుండా వదిలేసిన ఒక లారీ డ్రైవర్‌కూ ఈ మాటలు.

నవంబరు 1న శ్రీనగర్ లాల్‌చౌక్‌లో సైకిళ్ల మీద బయల్దేరిన 14 మందిమీ డిసెంబరు 6న కన్యాకుమారి చేరాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద 3,600 పైచిలుకు కిలోమీటర్లు. 4 రోజుల విశ్రాంతి తీసేస్తే రోజుకు సగటున 115 కిలోమీటర్లు తొక్కాం. వచ్చినప్పటి నుంచి అందరూ "ఎలా చేశావమ్మా?" అని అడుగుతున్నారు. నేను ఒక్కదాన్నే చేసిన పని కాదిది. అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ముందు మా సైకిల్ షాపు అన్నకు. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్న మనిషి. బయల్దేరేముందు సైకిల్ మొత్తం విప్పి బిగించి, వెనక చక్రం పక్కనున్న కడ్డీకి రెండు స్పోకులు టేపుతో చుట్టాడు. క్యాసెట్ (వెనక చక్రానికుండే గేర్ల పళ్లచక్రాల గుత్తి) విప్పే చిన్న పనిముట్టు నా సంచిలో పెట్టి, "ఇది ఎక్కడపడితే అక్కడ దొరకదక్కా, పారేసుకోవద్దు" అన్నాడు. బరువెందుకని నేను వద్దన్నాను. వినలేదు.

16వ రోజు మధ్యప్రదేశ్‌లో లఖనాదోన్ దాటాక ఠప్పుమని చప్పుడైంది. వెనక చక్రంలో గొలుసు వైపు స్పోక్ విరిగింది. ఆ వైపుది విరిగితే క్యాసెట్ విప్పితే తప్ప కొత్తది ఎక్కదు. చక్రం వంకర తిరిగి బ్రేకుకు రాసుకుంటోంది. మా వ్యాన్ జ్వరమొచ్చిన తోటి సైక్లిస్టును ఆసుపత్రికి తీసుకుని ముందే వెళ్లిపోయింది. నాతో ఉన్నది స్వీప్ చేస్తున్న సార్ ఒక్కరే. స్వీప్ అంటే అందరికంటే వెనక, ఆఖరి మనిషిని దాటకుండా తొక్కేవారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, 61 ఏళ్లు. ఆయన తలుచుకుంటే నన్ను దాటి గంట ముందే బసకు చేరొచ్చు. 36 రోజుల్లో ఒక్కసారీ దాటలేదు. ఒక్కసారీ "త్వరగా" అనలేదు. సార్, మీరు వెనకున్నారన్న ధైర్యంతోనే నేను ముందుకు చూడగలిగాను.

అరగంటకు ఒక లారీ ఆగింది. తమిళనాడులోని నామక్కల్ బండి. డ్రైవరన్న కర్నూలుకు సరుకు తోలి తోలి తెలుగు నేర్చుకున్నాడట. ఆ అడవి దారిలో "ఏమైందమ్మా?" అన్న మాట వినేసరికి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. రెండు సైకిళ్లూ ఎక్కించి సివనీ దాకా తెచ్చాడు. డబ్బిస్తే చేయి అడ్డం పెట్టి, ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు.

సివనీలో సైకిల్ బాగుచేసే పెద్దాయనకు చేయి తిరిగిన పనే, కానీ ఇలాంటి గేర్ల చక్రం కొత్త. మా అన్నకు వీడియో కాల్ చేశాం. అన్న ఇక్కడ షాపులో పనంతా ఆపి గంటన్నర ఫోన్‌లోనే ఉన్నాడు. అక్కడ పెద్దాయన ఒక్కో స్పోక్‌ను వీణ తీగలా మీటుతుంటే, ఇక్కడ ఈయన చెవితో విని "ఇంకో పావు తిప్పమనక్కా" అనేవాడు. అది నేను వచ్చీరాని హిందీలో చెప్పేదాన్ని. మర్నాడు పెంచ్ అడవి. కింద నుంచి జంతువులు దాటేలా రోడ్డును ఎత్తి కట్టిన చోట ఆ నిశ్శబ్దంలో నా చక్రం చప్పుడే వింటూ తొక్కాను. ఎక్కడా రాసుకోలేదు.

20వ రోజు పెన్‌గంగ వంతెన దాటితే తెలుగు బోర్డులు. పామిడిలో మా పిన్నమ్మ తెల్లవారుజామున లేచి 14 మందికీ ఉగ్గాని, బజ్జీ చేసిపెట్టింది. మాతో తొక్కిన పంజాబీ తమ్ముడు మూడోసారి అడిగి వేయించుకున్నాడు పిన్నమ్మా, నీకు మళ్లీ థ్యాంక్స్ చెప్పమన్నాడు. దేవనహళ్లి దగ్గర పులిహోర డబ్బాలతో మీరంతా నిలబడి ఉండటం చూసి నాకు మాట రాలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను, మీ అందరికీ దండాలు.

ఆఖరి రోజు దారిలో గాలిమరల దగ్గర గాలి పక్కనుంచి తోసేస్తుంటే, సార్ మొదటిసారి వెనక నుంచి నా పక్కకు వచ్చి గాలికి అడ్డంగా తొక్కారు.

అత్తమ్మా, 36 రోజులు పిల్లల బడి, టిఫిన్లు, చిన్నదాని దగ్గు అన్నీ చూసుకుని, ఫోన్ చేసినప్పుడల్లా "ఇక్కడేం లేదు, నువ్వు జాగ్రత్త" అన్నావు. దాని దగ్గు సంగతి నేను ఇంటికొచ్చాకే తెలిసింది. నీకు థ్యాంక్స్ చెప్తే తిడతావు. అయినా నలుగురిలో చెప్తున్నాను.

నామక్కల్ వైపు లారీలతో పనున్నవాళ్లు ఎవరైనా ఉంటే, సివనీలో ఇద్దరు సైకిలోళ్లను దించిన అన్న గురించి విచారించండి. షాపు అన్నా, రెండో స్పోక్ ఇంకా ఆ టేపులోనే ఉంది. శనివారం తెస్తున్నాను.