కుప్పలో ఉన్నా వడ్లకు ప్రాణం ఉంటుంది

సంపాదకుడు గారికి,

మొన్న వానాకాలం కోతలప్పుడు మా వడ్లు కొనుగోలు కేంద్రంలో తొమ్మిది రోజులు ఉన్నాయి. హార్వెస్టర్‌తో కోయించి నేరుగా తెచ్చి పోసినవి, తేమ 20 శాతం దాటింది. రెండు రోజులు మబ్బు పట్టి ఉంటే భయపడి వడ్ల మీద కప్పిన పరదాలు తీయలేదు. నాలుగో రోజు పొద్దున్నే పరదా ఎత్తి మోచేతి దాకా కుప్పలో చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా కాదు, వేడిగా ఉంది. పరదా లోపలి వైపు నీటి చుక్కలు, ముక్కిన వాసన. "వానే పడలేదు కదా టీచరమ్మా, ఈ నీళ్లెక్కడివి?" అని పక్క కుప్ప రైతు అడిగాడు.

ఆ నీళ్లు వడ్లలోంచి వచ్చినవే. బడిలో నేను చెప్పే పాఠమే ఇది. ఆకు ఎండను పట్టుకుని గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో, నీళ్లతో చక్కెర తయారుచేస్తుంది. అదే గింజలో పిండిగా చేరుతుంది. కోసినంత మాత్రాన గింజ చచ్చిపోదు. బతకడానికి ఆ పిండిని మళ్లీ చక్కెరగా మార్చి, ఆక్సిజన్ తీసుకుని ఖర్చు చేసుకుంటూనే ఉంటుంది. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా ఖర్చయితే 108 గ్రాముల నీరు, 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అందులోని శక్తి సగానికి పైగా వేడిగానే పోతుంది. ఎండిన గింజలో ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది. పచ్చి గింజలో జోరుగా సాగుతుంది, పుట్టిన వేడితో ఇంకా పెరుగుతుంది, బూజు కూడా తోడవుతుంది. నాలుగు నెలలు ఎండలో పండిన పిండి అలా కుప్పలోనే కరిగిపోతుంది.

తేమ 17 శాతం మించితే వడ్లు కొనరన్న నిబంధనను నేను తప్పు పట్టడం లేదు. కానీ ఎండబోసి, తిరగేసి, తేమ 17కి వచ్చాక కూడా కాంటా (తూకం) కోసం మూడు రోజులు ఆగాం. సంచులు లేవన్నారు, లారీ రాలేదన్నారు. చివరికి గింజ రంగు మారిందని మిల్లులో సంచికి రెండు కిలోల తరుగు తీశారు. ఆలస్యం ఎవరిదో, నష్టం ఎవరికో చూడండి.

వడ్లు పోసిన తేదీ, ఆ రోజు తేమ టోకెన్ మీదే రాయాలి. 17కి వచ్చిన మర్నాటికల్లా కాంటా పెట్టాలి, ఆ తర్వాత జరిగే నష్టాన్ని రైతు లెక్కలో వేయకూడదు. పెద్ద కేంద్రాల్లో డ్రయ్యర్లు పెట్టాలి. రైతులకూ ఒక మాట: వాన లేనప్పుడు పగలు పరదా తీసేయండి, వడ్లు పలచగా నెరపండి. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు వస్తాయి, ఈ ఏర్పాట్లు ఆలోపే జరగాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక జీవశాస్త్రం టీచర్, కరీంనగర్ జిల్లా