ఒకే బడి, రెండు టెనర్ శాక్సోఫోన్లు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జాజ్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగులో ఇలాంటివి రావడమే అరుదు, అందుకు ముందుగా థాంక్స్. కానీ ఒక్క చోట మనసొప్పలేదు. ఇద్దరు టెనర్ శాక్సోఫోన్ వాళ్లు కలిసి చేసిన ఆల్బమ్‌లన్నీ ఎవరు నెగ్గుతారో తేల్చుకునే పందేలేనని ఒకే గాటన కట్టేశారు. పందెంలా సాగేవి ఉన్నాయి, కాదనను. కానీ నేను ఏళ్ల తరబడి వింటున్న 'బ్లోయింగ్ ఇన్ ఫ్రమ్ షికాగో'ని కూడా అందులో కలిపేస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో వాయించిన క్లిఫర్డ్ జోర్డన్, జాన్ గిల్మోర్ ఇద్దరూ 1931 సెప్టెంబరులోనే పుట్టారు. జోర్డన్ షికాగో వాడే, గిల్మోర్ మిసిసిపీలో పుట్టి చిన్నప్పుడే ఆ ఊరు చేరాడు. ఇద్దరూ చదివింది నల్లజాతి కుటుంబాలుండే సౌత్ సైడ్‌లోని డుసేబుల్ హైస్కూల్లో, ఇద్దరికీ బ్యాండు నేర్పింది వాల్టర్ డయెట్ మాస్టారు. అందరూ ఆయన్ని కెప్టెన్ అనేవాళ్లు, భలే స్ట్రిక్ట్ అట. జీన్ అమ్మన్స్, జానీ గ్రిఫిన్, వాన్ ఫ్రీమన్ కూడా ఆయన చేతికింద తయారైనవాళ్లే, ముగ్గురూ టెనర్‌లో పెద్ద పేర్లే. ఒక మామూలు పబ్లిక్ స్కూలు బ్యాండు గదిలోంచి ఇంతమంది వచ్చారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ రికార్డింగ్ జరిగింది 1957 మార్చి 3న, న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ అమ్మానాన్నల ఇంటి హాల్లో. ఆయన అప్పటికి పగలు కళ్లు పరీక్షించే ఉద్యోగం చేసుకుంటూ ఆ హాలునే స్టూడియోగా వాడేవాడు. పియానో హొరేస్ సిల్వర్, బేస్ కర్లీ రసెల్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. బ్లేకీతో కలిసి నడిపిన జాజ్ మెసెంజర్స్ బృందం నుంచి సిల్వర్ బయటికొచ్చింది 1956లోనే, అయినా ఇక్కడ ఆయన పియానో, బ్లేకీ డ్రమ్స్ ఎంత కలిసిపోయాయో వింటే ఆ సంగతే గుర్తుకు రాదు.

మొదట్లో ఎవరు జోర్డనో ఎవరు గిల్మోరో నాకు తెలిసేది కాదు. వినగా వినగా పట్టుబడింది: జోర్డన్ ధ్వని గుండ్రంగా, కాస్త వెచ్చగా ఉంటుంది, గిల్మోర్ గట్టిగా, తుంచి తుంచి, మనం అనుకోని చోట స్వరం తిప్పుతాడు. చార్లీ పార్కర్ బ్లూస్ 'బిల్లీస్ బౌన్స్' వినండి. ఒకరు ఆపిన చోటు నుంచి రెండోవాళ్లు అందుకుంటుంటే, వెనక బ్లేకీ ఉరుములా రోల్ లేపి ఇద్దర్నీ ఇంకో మెట్టు ఎక్కిస్తుంటాడు. పక్కవాడిని తొక్కేయాలన్న ఆత్రం నాకెక్కడా వినపడలేదు, ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ల చనువు మాత్రం ప్రతి పాటలోనూ ఉంది.

అప్పటికి ఇద్దరికీ పాతికేళ్లే. తర్వాత జోర్డన్ 1964లో బేస్ వాయించే చార్లెస్ మింగస్ బృందంతో యూరప్ తిరిగాడు. గిల్మోర్ మాత్రం మధ్యలో కొంతకాలం తప్ప జీవితమంతా సన్ రా ఆర్కెస్ట్రాలోనే ఉండిపోయాడు, అందుకే ముందు వరుసలో ఆయన పేరున్న రికార్డులు అతి తక్కువ. టెనర్‌లో మహామహుడు జాన్ కోల్ట్రేన్ అంతటివాడే గిల్మోర్‌ని శ్రద్ధగా విన్నానని చెప్పుకున్నాడు. అలాంటి మనిషిని పందెంలో పాల్గొన్న ఒకడిగా చెప్పి వదిలేస్తే బాధగా ఉండదా?

మీ వ్యాసకర్త మీద కోపమేమీ లేదు, ఆయన రాస్తే మళ్లీ చదువుతాను. ఈసారి వీలుంటే డయెట్ మాస్టారి గురించి ఒక పేజీ వేయించండి, ఆయన శిష్యుల పేర్లన్నీ ఇచ్చి, ఎవరు ఏం వాయించేవారో కూడా రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ