డయాలసిస్ కేంద్రాల్లో ధైర్యం చెప్పేవారేరీ?

ఉద్దానం కిడ్నీ రోగుల రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పదార్థం) లెక్క చూసేవారున్నారు గానీ వారి దిగులు అడిగేవారు లేరు. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో ఒకే ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు ఈ జబ్బున పడటం చూస్తున్నాం. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ సూదులతో మంచానికి అంటుకుపోయే మనిషికి నిద్ర పట్టదు, తిండి సహించదు. వచ్చినప్పుడల్లా పలకరించే పక్క మంచం మనిషి రావడం మానేస్తే ఆ వారమంతా నోట మాట ఉండదు. వెంట వచ్చిన భార్య పరిస్థితి ఇంకా అన్యాయం. వరండాలో కూర్చుని, పోయిన జీడిపిక్కల కూలి, పెరిగిన అప్పు లెక్కేసుకుంటుంది. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. మానసిక వైద్యుడి కోసం శ్రీకాకుళమో విశాఖో వెళ్లాలంటే మరో రోజు కూలి పోతుంది, పైగా ‘పిచ్చి డాక్టరు’ దగ్గరకు వెళ్లారన్న మాట ఊరంతా పాకుతుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. నేను అడిగిన రోగుల్లో ఆ నంబరు తెలిసినవారు కనబడలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి డయాలసిస్ కేంద్రానికి వారంలో ఒక రోజైనా కౌన్సిలర్‌ను పంపాలి. రోగితోపాటు వెంట వచ్చినవారితోనూ మాట్లాడించాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు నిద్ర, ఆకలి, చావు ఆలోచనల గురించి నొప్పించకుండా అడగడం నేర్పాలి. 14416ను కేంద్రాల గోడల మీద, పంచాయతీ కార్యాలయాల వద్ద పెద్ద అక్షరాలతో రాయించాలి. దీనికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు, జిల్లా వైద్యాధికారుల ఉత్తర్వు చాలు.

– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా