సత్తిబాబుకి, గ్రీసులోని ఎవ్‌దిలోస్ రేవు నుంచి

ఒరేయ్ సత్తిబాబూ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం ఉగాదికి వచ్చింది, ఆగస్టు 16న జవాబు రాస్తున్నాను. ఇంట్లో అందరూ కులాసా. పాప రెండో తరగతికి వచ్చింది, ఇల్లు అదే, ఉద్యోగమూ అదే పిరేయస్ ఆఫీసు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి, ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బేలా ఉంది.

మా బాసు గుర్తున్నాడా? మెయిల్‌లో కామా తప్పితే తిప్పి పంపే మనిషి, నువ్వు ‘హెడ్మాస్టరు’ అని పేరు పెట్టావే, ఆయన. నిన్న రాత్రి ఆ హెడ్మాస్టరు ఏప్రాన్ కట్టుకుని చెత్త సంచులు మోస్తూ ఎనభై ఏళ్ల ముసలమ్మ చేత తిట్లు తింటున్నాడు. నేను పక్కనే నిలబడి మేకమాంసం నములుతూ చూశాను. ఈ జన్మకి చాలు రా!

ఎక్కడంటావా, ఇకారియా అనే దీవి. రెక్కల మైనం కరిగి సముద్రంలో పడ్డాడని కథ చెబుతారే, ఆ ఇకారస్ పేరే. హెడ్మాస్టరు పుట్టింది ఇక్కడే. “ఆగస్టు 15కి మా ఊరు రా” అన్నాడు. ఆ రోజు మరియమ్మ తల్లి పండగ, గ్రీసులో ఈస్టర్ తర్వాత అంతటిది. మొదటి తారీఖు నుంచి నీచు ముట్టకుండా ఉపవాసం ఉన్నవాళ్లు ఆ రోజు విడుస్తారు. పొద్దున చర్చిలో పూజ, ఐదు రొట్టెలు దీవించి ముక్కలు పంచుతారు. అక్కడి దాకా మన గుడి ప్రసాదం వరసే. తర్వాత మొదలైంది అసలు జాతర. పనియీరి అంటారు.

ఊరు లంగాదా. కొండల మధ్య లోయలో దాక్కుని ఉంటుంది, సముద్రం నుంచి చూస్తే కనపడదు. పూర్వం సముద్రపు దొంగల భయంతో జనం ఇలాంటి చోట్లకి ఎక్కేశారట. పొగ కనపడితే దొరికిపోతామని ఇళ్లకి పొగగొట్టాలు కూడా పెట్టుకునేవాళ్లు కాదట. అంత దాక్కున్న ఊరికి ఇప్పుడు ఆగస్టులో కార్లు బారులు తీరి వస్తాయి, ఎక్కడ పెట్టాలో తెలియక రోడ్డు పొడుగునా వదిలేస్తారు.

చెట్ల కింద పొడుగాటి బల్లలు. పెద్ద పెద్ద గిన్నెల్లో మేకమాంసం ఉడుకుతుంటే ఇంకోపక్క కాలుస్తున్నారు. కిటికీ దగ్గర లైనులో నిలబడి కిలోల లెక్కన అడగాలి, కాగితంలో చుట్టి ఇస్తారు. మసాలా లేదు, కారం లేదు, ఉప్పూ నిమ్మకాయే. ‘దీన్నీ కూర అంటారా’ అనుకుంటూనే మూడోసారి లైనులో నిలబడ్డాను. ఆ ఎముకల చారు మాత్రం మీ అమ్మ కాచేదానికి దగ్గరకొచ్చింది, ఆమెకి చెప్పకు. వైను సీసాల్లో.

మాంసం కోసేవాడు అమెరికా నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు. సీసాలు కడిగే అమ్మాయి ఏథెన్స్‌లో వకీలు. ఈ ఊళ్లో పుట్టి ఎటెటో వెళ్లిపోయిన వాళ్లంతా ఈ ఒక్క రోజుకి దిగిపోయి, ఊరి సంఘం ఏ పని చెబితే అది చేస్తారు. హెడ్మాస్టరుకి చెత్త పడింది. సంచి ముడి సరిగ్గా వేయలేదని ముసలమ్మ అరిచింది. ఆయన తల వంచుకుని మళ్లీ కట్టాడు. కామాల దేవుడున్నాడు రా! (మన పప్పుచారు బకెట్టు సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు, కంగారు పడకు.)

నువ్వు మన ఊరి జాతర కమిటీలో ఉన్నావు కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. ఇక్కడ చందా పుస్తకం లేదు. గుమ్మం గుమ్మం తిరిగి “మీ తమ్ముడు విశాఖలో ఉన్నాడు కదా, ఇంకో అయిదొందలు రాయండి” అనే పని లేదు. తిన్నవాడు తిన్నదానికి డబ్బు కడతాడు, వండేవాళ్లకి జీతం లేదు, మిగిలినదంతా ఊరికి. ఈ దీవిలో రోడ్లు, నీటి పైపులు, బడి మరమ్మతులు చాలా చోట్ల ఇలాగే అయ్యాయట. ప్రభుత్వం పట్టించుకోకపోతే ఒక మేకని ఎక్కువ కోశారన్నమాట! మన నూకాలమ్మ జాతరలో మిగులు ఎప్పుడైనా చూశామా? వేట తలకాయ లెక్కే ఇంతవరకు తేలలేదు.

చీకటి పడ్డాక వయొలిన్ మొదలైంది. పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి గుండ్రంగా తిరగడమే, మొదట నెమ్మదిగా, పోను పోను కాళ్లు తేలిపోతాయి. ఒక పాట ఆగదు, దాంట్లోంచే ఇంకోటి. నా ఎడమపక్క హెడ్మాస్టరు, కుడిపక్క ఆ ముసలమ్మ. ఆవిడకి అలుపు లేదు రా, నాకే రొప్పు. ఈ దీవి వాళ్లు తొంభై దాటి బతుకుతారని పేరు. ఒకటి చెప్పనా, ఆ వరసలో తిరుగుతుంటే నాకు హఠాత్తుగా మీ నాన్న గుర్తొచ్చారు. జాతరలో కాగడా పట్టుకుని... సరే, వద్దులే.

మీ నాన్న ఉంటే ఇంకోటి చెప్పేవాణ్ణి. గ్రీసు అంతర్యుద్ధం రోజుల్లో దాదాపు 13,000 మంది కమ్యూనిస్టుల్ని ప్రభుత్వం ఇక్కడికి ప్రవాస శిక్షగా పంపింది, సంగీత దర్శకుడు మికిస్ థియోడొరాకిస్ కూడా వాళ్లలో ఉన్నాడు. ఈ దీవిని ఇప్పటికీ ఎర్రబండ అంటారు. మీ నాన్న వింటే ఆ రాత్రే టికెట్టు కొనమనేవారు.

ఉత్తరపు గాలి మొదలైంది, ఓడ ఆలస్యం అంటున్నారు, రేవులో మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే గాలిని తిట్టు. హెడ్మాస్టరు సోమవారం మళ్లీ కామాలు వెతుకుతాడా లేదా అన్నదే నా టెన్షన్. ఆ, ఇంకోటి. 1912లో ఈ దీవి టర్కీ వాళ్లని పంపేసి గ్రీసులో కలిసే లోపు అయిదు నెలలు సొంత దేశంగా ఉంది, సొంత జెండా, సొంత స్టాంపులు! నువ్వు గోలీలకి అమ్మేసిన ఆ స్టాంపుల పుస్తకంలో ఒకటి ఇలాంటిదే ఉండేదని నాకు గట్టి అనుమానం, నీలం రంగులో తెల్ల

ఓడ వచ్చేసింది, జనం తోసుకుంటున్నారు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
చిన్నారావు