మా ఇంటి తాళాలు వచ్చాయి: తెనాలి అక్కకీ, నెల్లూరు అన్నయ్యకీ, నాన్నకీ థాంక్స్

పోయిన శుక్రవారం మధ్యాహ్నం సొలిసిటర్ (ఇంటి కాగితాల పని చూసే లాయరు) ఫోన్ చేసి, డబ్బు అవతలివాళ్లకి చేరింది, వెళ్లి తాళాలు తెచ్చుకోండి అన్నారు. ఏజెంట్ ఆఫీసులో ఒక గోధుమరంగు కవరు చేతిలో పెట్టారు. అందులో ఐదు తాళంచెవులు. రెండు ఏ తలుపువో ఇంకా తెలీలేదు. ఇంగ్లండ్‌లో రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో మూడు బెడ్‌రూముల సెమీ (ఒక వైపు గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు), ఎనభైల్లో కట్టింది. ఏడేళ్ల అద్దె బతుకు తర్వాత ఇది మాది. ఇందులో మా తెలివి తక్కువ, మిగతావాళ్ల సాయం ఎక్కువ. అందుకే ఈ పోస్టు.

ముందు మా తెలివి సంగతి చెప్పాలి, లేకపోతే వాళ్లు చేసిన సాయం విలువ తెలీదు.

మే నెలలో ఒక ఇల్లు చూశాం. చెప్పిన ధర 4,25,000 పౌండ్లు. తూర్పు ద్వారం. మా ఆయన గుమ్మంలోనే ఫోన్లో దిక్సూచి తెరిచి, నాలుగు మూలలూ తిరిగి, నా వైపు చూసి నవ్వారు. ఏజెంట్‌కి వాస్తు తెలీకపోవచ్చు గానీ మొహాలు చదవడం వచ్చు. మెట్లు దిగుతూ, వాతావరణం గురించి అడిగినంత తేలిగ్గా, "మీరు ఎంతవరకు వెళ్లగలరు?" అన్నాడు. మా ఆయన గారు, పరీక్షలో ప్రశ్నకి జవాబు చెప్పినట్టు, "నాలుగు లక్షల నలభై దాకా" అనేశారు. ఆ తర్వాత మేం 4,10,000 అన్నా, 4,20,000 అన్నా ఒకటే జవాబు, ఇంకొకరు కూడా చూస్తున్నారని. చివరికి 4,38,000 దగ్గర ఒప్పుకున్నారు. మేం స్వీట్లు పంచాం. ఆరు వారాల తర్వాత ఎవరో ఇంకా ఎక్కువ ఇచ్చారని అమ్మేవాళ్లు మనసు మార్చుకున్నారు. ఇల్లు గట్టిగా ఉందా అని చూసే సర్వేకీ, సొలిసిటర్ చేయించిన సెర్చిలకీ (కౌన్సిల్ లాంటి చోట్ల ఇంటి వివరాల ఆరా) పెట్టిన తొమ్మిది వందల పౌండ్ల చిల్లర నీళ్లపాలు.

ఇక్కడ నాన్న మాట ఒకటి చెప్పాలి. ఆఫర్ ఒప్పుకున్నారని గుంటూరు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బయానా ఎంత ఇచ్చావమ్మా?"

"ఇక్కడ బయానా ఉండదు నాన్నా."

"కాగితం రాసుకున్నారా?"

"అదీ ఇప్పుడే ఉండదు. ఏజెంట్ మెయిల్ పెట్టాడు."

"మరి ఇల్లు నీదెట్లా అయింది?"

నాకు అప్పుడు నవ్వొచ్చింది. నిజానికి ఆయన అడిగిందే అసలు ప్రశ్న. ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు ఎక్స్‌చేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలు పెట్టిన కాగితాలు రెండు వైపులా మార్చుకునేదాకా, అటువాళ్లకీ ఇటువాళ్లకీ ఏ బంధమూ లేదు. "సోల్డ్" బోర్డు పెట్టినా, కింద చిన్న అక్షరాల్లో "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అని ఉంటుంది, కాంట్రాక్టు అయ్యేదాకా ఖాయం కాదని. ఎక్స్‌చేంజ్ రోజు మామూలుగా పది శాతం కడతామే, అదీ వీళ్ల బయానా. అంతవరకు అంతా మాట మీదే నడుస్తుంది.

జులైలో తెలుగు బడి దగ్గర, పిల్లలు గుణింతాలు వల్లిస్తుంటే నేను బయట బెంచీ మీద కూర్చుని ఈ ఏడుపంతా ఏడిస్తే పక్కన కూర్చుని విన్నారు తెనాలి అక్క. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ ఇదివరకు నాలుగేళ్లు ఒక ఎస్టేట్ ఏజెంట్ ఆఫీసులో ముందు టేబుల్ దగ్గర పని చేశారట. అప్పటిదాకా నాకు ఆవిడ పెసరట్లు బాగా వేస్తారని మాత్రమే తెలుసు!

"అమ్మాయ్, మన ఊళ్లో బ్రోకర్ రెండు వైపులా కమీషన్ తీసుకుంటాడు, అందుకని కాస్త నీ వైపూ మాట్లాడతాడు. ఇక్కడ ఏజెంట్‌కి నువ్వు పైసా ఇవ్వవు. ఇచ్చేది అమ్మేవాళ్లు. అతను మర్యాదగానే ఉంటాడు, చెడ్డవాడు కాదు, కానీ వాళ్ల మనిషి. నువ్వు నోరు జారిన ప్రతి ముక్కా సాయంత్రానికి కంప్యూటర్లో నీ పేరు కింద ఎక్కుతుంది. మేమూ ఎక్కించేవాళ్లం," అన్నారు. మా ఆయన ముఖం ఆ క్షణంలో మీరు చూడాల్సింది.

తర్వాతి వారం ఈ ఇల్లు చూశాం. 4,35,000 అడుగుతున్నారు. ఈసారి ఫోన్లో దిక్సూచి తెరవలేదు మా ఆయన (గూగుల్ మ్యాప్‌లో ముందే చూసుకున్నారు, తూర్పే). ఎంతవరకు వెళ్లగలరని అడిగితే, "ముందు ఇల్లు చూసి, లెక్క వేసుకుని, రాసి పంపిస్తాం" అని ఒక్క ముక్క. ఇది అక్క కారులో రెండుసార్లు అప్పజెప్పించుకున్న వాక్యం.

ఆ శనివారం రాత్రి అక్క వాళ్ల వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. ల్యాండ్ రిజిస్ట్రీలో 1995 నుంచి అమ్ముడుపోయిన ఇళ్ల ధరలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. అదే వీధిలో గత రెండేళ్లలో అమ్ముడైన మూడు ఇళ్లు బయటికి తీశారు. ఒకదానికి వెనక పెంచిన గది ఉంది, దాన్ని పక్కన పెట్టేశారు. మిగిలిన రెండూ మా ఇంటి అచ్చే. ఏడు పౌండ్లు కట్టి ఈ ఇంటి టైటిల్ రిజిస్టర్ కూడా దించుకున్నాం, అమ్మేవాళ్ల పేర్లే ఉన్నాయా, వేరే చిక్కులేమన్నా ఉన్నాయా అని.

ఆఫర్ మెయిల్ నేను రాసుకెళ్లాను. పేజీన్నర. ఆ తోట చూడగానే మా పాప ఎలా గెంతిందో, ఇలాంటి ఇంటి కోసం ఎన్నేళ్లు ఎదురుచూశామో, అంతా. అక్క చదివారు, కళ్లజోడు తీశారు, "బాగా రాశావు" అన్నారు, తర్వాత మొత్తం చెరిపేశారు. మిగిలింది ఎనిమిది లైన్లు. ఇంటి చిరునామా, ఆఫర్ మొత్తం, సర్వేకీ కాంట్రాక్టుకీ లోబడి అన్న మాట. మేం మొదటిసారి కొనేవాళ్లం, అమ్ముకోవాల్సిన ఇల్లు లేదు. ఎంత ఇంటి లోన్ ఇవ్వగలదో చెబుతూ బ్యాంకు ఇచ్చిన మార్ట్‌గేజ్ డెసిషన్ కాగితం, డిపాజిట్ డబ్బు రుజువు జతచేశాం. సొలిసిటర్ సిద్ధం. అమ్మేవాళ్లకి వీలైన తేదీ దాకా ఆగుతాం. ఒప్పుకుంటే ఇల్లు మార్కెట్ నుంచి తీసేయాలి. చివరి లైను: "మా ఆఫర్ అమ్మేవారికి తెలియజేసినట్టు రాతపూర్వకంగా చెప్పగలరు."

ఆ చివరి లైనుతో పనిపడింది. సోమవారం ఏజెంట్ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, తమ ఆఫీసు మార్ట్‌గేజ్ అడ్వైజర్‌తో మేం అపాయింట్‌మెంట్ పెట్టుకుంటేగానీ ఆఫర్ ముందుకు పంపలేం అన్నారు. నేనైతే ఆ నిమిషంలోనే డైరీ తెరిచేదాన్ని. అక్క ముందే చెప్పి ఉంచారు: మనకి కొనే స్తోమత ఉందో లేదో చూసుకోవడం వాళ్ల హక్కు, వాళ్ల దగ్గరే లోన్ తీసుకోవాలనడం కాదు. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్స్ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, అమ్మేవాళ్లు వద్దని రాసిస్తే తప్ప, వచ్చిన ప్రతి ఆఫర్నీ ఆలస్యం లేకుండా రాతలో వాళ్లకి చెప్పాలి. లేని ఆఫర్ ఉందని చెప్పడం కూడా తప్పే. ఫిర్యాదు తీసుకునే అంబుడ్స్‌మన్ లాంటి పథకంలో ప్రతి ఏజెంటూ ఉండితీరాలి. ఇదంతా నేను ఫోన్లో వల్లించలేదు. "మా డెసిషన్ కాగితం మీ దగ్గరే ఉంది కదా, మా ఆఫర్ చేరిందని దయచేసి మెయిల్ పెట్టండి" అన్నాను, అంతే. పావుగంటలో మెయిల్ వచ్చింది. గొడవపడాల్సిన పనే రాలేదు.

మొదట 4,05,000 అన్నాం, కాదన్నారు. 4,12,000, అదీ కాదన్నారు. బుధవారం, ఇంకో ఆఫర్ వచ్చింది, శుక్రవారం మధ్యాహ్నంలోగా మీ చివరి మాట చెప్పండి అన్నారు. నా గుండె మళ్లీ మే నెలకి వెళ్లింది. అక్క మాత్రం, "మొత్తం ఎంతో చెప్పరు. కానీ ఆ ఆఫర్ ఇచ్చినవాళ్లు తమ ఇల్లు అమ్ముకుని కొనాలా, అమ్మేవాళ్లకి డబ్బు కంటే తొందర దేనికి, ఈ రెండూ అడుగు" అన్నారు. ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి జవాబు చెప్పింది. అమ్మేది పెద్దవాళ్లు, క్రిస్మస్‌లోగా కూతురి దగ్గరికి చేరాలని ఉంది. అవతలివాళ్లు ఇంకా వాళ్ల ఇల్లు అమ్ముకోవాలి. ఈ మాట అవతలి పక్షం మనిషి నుంచే వచ్చింది, నిజమే చెప్పింది. ఆ అమ్మాయి తెలుగు చదవదు, అయినా తనకి కూడా ఇక్కడే థాంక్స్.

చివరి ఆఫర్ 4,18,250. ఆ రెండు వందల యాభై అక్క ముచ్చట. గుండ్రటి అంకె అయితే ఊరికే అన్నట్టుంటుంది, ఇలా అయితే అడుగు దాకా గీకి ఇచ్చినట్టుంటుంది అంటారు. అవతలివాళ్లది మా కంటే ఎక్కువేనని తర్వాత తెలిసింది. అయినా ఆ పెద్దాయన మాకే ఇచ్చారు.

నెల్లూరు అన్నయ్య గారూ, మీ గురించి రాస్తే మీరు ఊరుకోరు, అయినా రాస్తున్నా. ఇరవై ఏళ్లుగా ఇక్కడ కన్‌స్ట్రక్షన్‌లో ఉన్న మనిషి, ఆదివారం పూట, రెండో వ్యూయింగ్‌కి వచ్చి తెల్ల చొక్కాతోనే అటకెక్కారు. దిగేసరికి చొక్కా బూడిద రంగు. "ఇల్లు గట్టిది తల్లీ. గ్యారేజ్ కప్పు పోయింది, ఫ్యూజ్ బోర్డు నా కంటే పాతది" అన్నారు. ఆగస్టులో వచ్చిన లెవెల్ టూ (మధ్యస్థాయి) సర్వేలో నలభై పేజీల్లో ఉన్నదీ దాదాపు అదే. రెండు చోట్ల కొటేషన్లు కూడా ఆయనే తెప్పించారు, ఆరు వేల చిల్లర. సర్వేలో ఆ రెండు పేజీలూ, కొటేషన్లూ కలిపి పంపితే నాలుగు వేలు తగ్గించారు. 4,14,250కి తేలింది. పెట్రోల్ డబ్బులు ఇవ్వబోతే కోప్పడి, పులిహోర రెండోసారి వడ్డించుకున్నారు.

నాన్నా, డిపాజిట్‌లో నీ వాటా గురించి మా ఆయన ముందు నేను ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఊరి స్థలం అమ్మి ఇరవై లక్షలు పంపావు. పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు ఇరవై శాతం టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుందంటే, రిటర్న్‌లో చూసుకుందాంలే అని రెండు లక్షలు కూడా కట్టావు. ఇక్కడి బ్యాంకు, ఇది బహుమతేనని, ఈ ఇంట్లో నీకు ఏ హక్కూ వద్దని నీ చేత సంతకం పెట్టించుకుంది. "కూతురికిచ్చినదానికి హక్కేంటి" అంటూనే పెట్టావు. సొలిసిటర్‌కి అమ్మిన దస్తావేజు అనువాదం కూడా కావాల్సి వచ్చింది. "తూర్పు: పంచాయతీ రోడ్డు, దక్షిణం: చింతచెట్టు గల స్థలం" అని ఇంగ్లీషులో చదివి ఆవిడ నన్ను అడిగారు, ఆ చెట్టు ఇంకా ఉందా అని. ఉందని చెప్పాను.

సొలిసిటర్ గారికీ థాంక్స్, ముగ్గురి చైన్‌ని (ఒకరి కొనుగోలు ఇంకొకరి అమ్మకం మీద ఆధారపడే వరస) డిసెంబర్లోగా నడిపించినందుకు. స్టాంప్ డ్యూటీ, మొదటిసారి కొనేవాళ్లం కాబట్టి, మూడు లక్షలు దాటిన మొత్తానికి ఐదు శాతం లెక్కన 5,712 పౌండ్లయింది. అది కట్టిన రోజు ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి పాలు పొంగిస్తున్నాం. తెలుగు బడి వాళ్లందరూ రండి. అక్కా, పెసరట్లు మాత్రం మీరే వెయ్యాలి, పిండి నేను రుబ్బి పెడతాను. కార్లు ఎదురింటి గేటుకి అడ్డం పెట్టొద్దు, ఆ పెద్దావిడతో ఇంకా పరిచయం కాలేదు.